బడి మూసిన కాలము – మన బిడ్డల అక్షరము
(సంఘ సమావేశమున గావింపబడిన ప్రసంగపాఠము)



కరోనా కాలమున బడులు మూతపడుటవలన పిల్లల చదువునకు కలిగిన నష్టమును గూర్చి మాటలాడవలసినదిగా కార్యవర్గమువారు కోరిరి. ఇది పాతబడిన సంగతి కదా, బడులు తెరచి ఏండ్లు గడచినవి కదా యని కొందరు మిత్రులు మాతో ననిరి. రోగము పాతబడినమాట నిజమే. కాని 2020 జూనులో ఒకటవ తరగతిలో చేరవలసిన బిడ్డ నేడు ప్రాథమిక తరగతులు దాటి పైతరగతులలో నున్నాడు. ఆ బిడ్డ చేతికి తెలుగు వాచకమిచ్చి ఒక పుట చదువుమని అడిగి చూడుడు. సంఘమునకు వచ్చు పిల్లలను మేము కొంతకాలముగా అట్లే అడుగుచున్నాము. మాటలాడుటలో వారికి తడబాటు లేదు. అమ్మమ్మ చెప్పిన కథలు, తాతగారి పొరుగింటి తగవులు గలగల చెప్పుదురు. పుట తెరచునప్పటికి గొంతు తగ్గును. వత్తు కనబడినచోట ఆగుదురు. ద, ధ లకు భేదము తోచదు. గుణింతమును వ్రేళ్లపై లెక్కించుకొనుచు పదము చివరకు చేరునప్పటికి పదము మొదలు మరతురు. వీరిలో మందబుద్ధులు ఒక్కరును లేరు. గణితమున నూటికి తొంబది తెచ్చుకొనువారును ఇందు కలరు.

ఇది ఎట్లు జరిగెనో తెలియవలెనన్న ఆ రెండేండ్లను కొంచెము క్రమముగా జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 2020 మార్చి మూడవ వారమున తమిళనాట బడులు మూసిరి. ఆ నెల 25వ తేదీనుండి దేశమంతట లాక్‌డౌను వచ్చెను. పదిపదునైదు దినములలో తెరతురని అందరమును అనుకొంటిమి. తెరచినది 2021 జనవరి 19న, అదియు పది, పండ్రెండు తరగతులకు మాత్రమే. ఫిబ్రవరి 8న తొమ్మిది, పదునొకండు తరగతుల వంతు వచ్చెను. మార్చి ముగియకమునుపే రెండవ అల లేచుటతో మరల తాళములు వేసిరి. సెప్టెంబరు 1న తొమ్మిది మొదలు పైతరగతులవారిని, నవంబరు 1న ఒకటి మొదలు ఎనిమిది తరగతులవారిని రానిచ్చిరి. 2022 జనవరిలో ఒమిక్రాను భయమున మరియొకమారు మూసి, ఫిబ్రవరి 1న తెరచిరి.

అనగా చిన్నతరగతుల పిల్లవాడు బడి గడప త్రొక్కక పందొమ్మిది మాసములు మించినవి. ఒకటవ తరగతి గది యెట్లుండునో చూడకయే రెండవ తరగతి నడుమ తొలిసారిగా బల్లపై కూర్చున్న బిడ్డలు మన వీధులలోనే పెక్కురు కలరు. ఆ వయస్సు ఎట్టిదో తల్లులకు చెప్పనక్కరలేదు. పలకపై దిద్దుట, పక్కవానిని చూచి వ్రాయుట, అందరితో కలిసి ఎలుగెత్తి చదువుట ఆ యేడే జరుగవలెను. పదియవ తరగతి పిల్లవాడు ఒక యేడు పోగొట్టుకొన్నచో కొన్ని పాఠములు పోవును. ఒకటవ తరగతి బిడ్డకు పోయినది పాఠములు చదువుకొను సాధనమే.

ఇట్టి ఆపద ఈ నగరమునకు పూర్వము రాలేదా యని అడుగవచ్చును. 1942 ఏప్రిలులో జపానువారి భయమున చెన్నపట్నము ఖాళీయైన కథ మన యిండ్లలో పెద్దలు చెప్పగా వినియున్నాము. మూటాముల్లె కట్టుకొని నెల్లూరు వైపును, చిత్తూరు వైపును బంధువుల యిండ్లకు పోయినవారు కలరు. కాని అప్పుడు పోయినచోట బడి యుండెను. పిల్లలు అచ్చటి వీధిబడిలో కూర్చుండి చదివిరి. 2015 డిసెంబరు వరదలలోను మనకు బడులు కొన్ని వారములు మూతపడినవేగాని వరద సోకని జిల్లాలలో తెరచియే యుండెను. 2020లో పారిపోవుటకు ఊరే లేకపోయెను. ఆ సంవత్సరము ఏప్రిలునాటికి ప్రపంచమంతట 160 కోట్ల విద్యార్థులకు బడులు మూతపడినవని ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థయగు యునెస్కో లెక్కవేసెను. స్వీడనువంటి కొన్ని దేశములు చిన్నపిల్లల బడులను మూయలేదు. ఉగాండాలో 2022 జనవరివరకును పూర్తిగా తెరవలేదు. మన దేశము చాలకాలము మూసినవారి వరుసలోనే నిలిచెను. అందును ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరు 2ననే పైతరగతులను మొదలుపెట్టగా, ఇచ్చట మనవారు జనవరివరకు వేచియుండవలసివచ్చెను. చెన్నపట్నమున రోగము ఎంత తీవ్రముగా నుండెనో, కోయంబేడు అంగడినుండి ఎట్లు ప్రాకెనో చూచినవారమే గనుక ఆ నిర్ణయమును తప్పుపట్టుటకు మేము సాహసింపము. అయినను సారాయి దుకాణములు బడులకంటె ముందుగా తెరచుకొన్న సంగతిని మాత్రము ఏ తల్లియు మరవలేదు.

బడి మూసినను చదువు మూయలేదని అప్పుడు చెప్పుచుండిరి. 2019లో ప్రారంభమైన కల్వి దూరదర్శిని ద్వారా పాఠములు ప్రసారమైనవి. ప్రైవేటు బడులు ఫోనులలో తరగతులు నడపినవి. ఏమియు లేకపోవుటకంటె ఇది మేలే. అయితే ఇంటిలోని పరిస్థితిని చూడుడు. జార్జిటౌనులోను, కొరుక్కుపేటలోను, వ్యాసర్పాడిలోను ఒక్క గదిలో ఆరుగురు నివసించు కుటుంబములు మనవి ఎన్నియో కలవు. ఉన్న స్మార్టుఫోను తండ్రిది. ఆయన పనికి పోయినచో ఫోనును వెంట పోవును. ఇరువురు పిల్లలకు ఒకేవేళ తరగతి యున్నచో పెద్దవానికి పరీక్షలు కలవని వానికే ఇచ్చెదరు, చిన్నది కిటికీ యొద్ద కూర్చుండును. ఆడపిల్లకు అది మరింత తరచుగా జరిగెనని చెప్పక తప్పదు.

ఇక తెలుగు సంగతి. కల్వి దూరదర్శిని పాఠములు ప్రధానముగా తమిళమున సాగినవి. తెలుగు మాధ్యమమున చదువు బిడ్డకు ఆ తెరపై గురువు అర్థమగునుగాని పుస్తకమునకును ఆ మాటకును పొత్తు కుదరదు. తెలుగును ఒక భాషగా మాత్రమే నేర్చు ప్రైవేటు బడులలో తరగతుల వేళలు కుదించినప్పుడు గణితమునకు, ఇంగ్లీషునకు, సైన్సునకు చోటు దొరకెను. తెలుగునకు కొన్నియెడల వారమున ఒక్క వేళ, కొన్నియెడల అదియును లేదని తల్లిదండ్రులే మాకు చెప్పిరి. మరియొక సంగతి యున్నది. జీతములు తగ్గి, వర్తకములు దెబ్బతిని, ఫీజు కట్టజాలక బిడ్డలను ప్రైవేటు బడినుండి సర్కారు బడికి మార్చిన కుటుంబములు ఆ రెండేండ్లలో దేశమంతట పెరిగినవి. గ్రామసీమలలో సర్కారు బడి పిల్లలు 2018లో నూటికి 65.6 ఉండగా 2022నాటికి 72.9 అయిరని అసర్ అను సర్వే చెప్పుచున్నది. మార్పు చెడ్డదనము. కాని మారిన బడిలో తెలుగు పండితులు లేనిచో ఆ బిడ్డ తెలుగు అచ్చటితో ఆగిపోవును. ఫీజు కష్టము తీరిన పిదపను ఆ తెగిన దారము ముడిపడలేదు.

ఈ సభలో కూర్చున్నవారిలో వర్తకులు, ఉద్యోగులు, ఉపాధ్యాయులు ఎక్కువ. మనలో చేరవలసియు చేరని తెలుగువారిని గూర్చి ఒక మాట చెప్పవలెను. ఈ పట్టణపు పారిశుద్ధ్య కార్మికులలో తెలుగువారు తరతరములుగా పెద్దసంఖ్యలో నున్నారు. 2020 జూను 19 మొదలు నెలాఖరువరకు చెన్నపట్నమున కఠిన లాక్‌డౌను అమలు జరిగి మనము తలుపులు బిగించుకొని కూర్చున్న దినములలో వారు తెల్లవారుజామున లేచి మన వీధులను ఊడ్చిరి. రోగులున్న యిండ్ల చెత్తను ఎత్తినవారును వారే. తల్లియు తండ్రియు పనికి పోగా ఇంట బిడ్డను కూర్చుండబెట్టి అక్షరము దిద్దించువా రెవ్వరు? వారిలో పెక్కురకు తెలుగు నోటనే యున్నదిగాని వ్రాత రాదు. బడిలో ఒక తరములోనైన ఆ లోటు తీరునని వారు ఆశించిరి. ఆ తరమే బడి మూసిన కాలమున చిక్కుకొనెను.

బడి యనగా వారికి అన్నము కూడ. ఈ పట్టణమునకు ఆ చరిత్ర యున్నది. నగరపాలక సంస్థకు అధ్యక్షులైయుండిన మన పిట్టి త్యాగరాయశెట్టిగారి కాలమున, 1920లో, థౌజండ్ లైట్సులోని కార్పొరేషను బడిలో బీదపిల్లలకు పగటి ఫలహారము పెట్టుటకు తీర్మానించిరి. దేశమంతట నేడు నడచుచున్న మధ్యాహ్న భోజనమునకు అది తొలి అడుగులలో నొకటి. బడులు మూసిన కాలమున వండిన అన్నమునకు బదులు బియ్యము, పప్పు, గ్రుడ్లు ఇంటికి ఇప్పించిరి. ఇచ్చినది మంచిదే. అయితే ఇంటికి వచ్చిన బియ్యము ఇంటిల్లిపాది బియ్యమగును, బడిలో పెట్టినది బిడ్డ కడుపులోనే పడును. 2022 సెప్టెంబరు 15న ఈ రాష్ట్రమున మొదలైన ఉదయ ఫలహార పథకము మరుసటి యేడు ఆగష్టులో సర్కారు ప్రాథమిక పాఠశాలలన్నిటికి వ్యాపించినది. బడికి రప్పించుటకు దానిని మించిన ఉపాయము మాకు తోచదు.

పరీక్షల సంగతి చూతము. 2020 జూను 9న పదియవ తరగతి పరీక్షలు రద్దయి, తొమ్మిది లక్షలకు పైబడిన పిల్లలు ఉత్తీర్ణులని ప్రకటింపబడిరి. మూడుమాసముల, ఆరుమాసముల పరీక్షల మార్కులకు 80 వంతులు, హాజరునకు 20 వంతులు లెక్కించిరి. 2021 ఫిబ్రవరి 25న తొమ్మిది, పది, పదునొకండు తరగతులవారు పరీక్ష లేకయే దాటిరి. జూను 5న ప్లస్ టూ పరీక్షయు రద్దయ్యెను. ఆనాడు ఇండ్లలో సంతోషము పొంగినమాట నిజము. రోగము ముమ్మరముగా నున్నప్పుడు బిడ్డను పరీక్షాగదికి పంపవలసిన పని తప్పినందులకు మేమును నిట్టూర్పు విడిచినవారమే.

దాని లెక్క పిదప తేలినది. పరీక్షలు మరల జరిగిన 2022లో తమిళనాట పదియవ తరగతి ఉత్తీర్ణులు నూటికి 90.07, రోగమునకు ముందు 2019లో 95.2. ఆంధ్రప్రదేశ్‌లో దెబ్బ ఇంకను గట్టిది. 2019లో 94.88గా నున్నది 2022లో 67.26కు పడెను. 2023 మార్చి 13న ప్లస్ టూ మొదటి పరీక్ష జరిగిననాడు ఇచ్చట 50 వేలమందికి పైగా పిల్లలు పరీక్షకే రాలేదు. ఆ పిల్లలు ఎవరు? 2021లో పదియవ తరగతిని పరీక్ష లేకుండ దాటినవారే. ఆనాటి పరీక్ష భాషాపరీక్ష యని గమనింపవలెను. పైతరగతిలో పేరున్నది, బల్లపై పిల్లవాడు లేడు. కొందరు అప్పటికే పనులలో కుదురుకొనియుండిరి. మోటారు మరమ్మతు కొట్టున చేరి దినమునకు మూడువందలు తెచ్చుటకు అలవాటుపడిన పిల్లవానికి, ఇంటివారికి ఆ మూడువందలు అలవాటైన పిదప, మరల వ్యాకరణమెట్లు రుచించును?

నష్టము ఎంత, తిరిగి వచ్చినదెంత యను ప్రశ్నకు మన రాష్ట్రమునందే జరిగిన ఒక మంచి పరిశోధన కలదు. ఆర్థికశాస్త్రవేత్తలగు కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, మారిసియో రొమేరోగార్లు తమిళనాటి గ్రామములలో సుమారు 19 వేలమంది చిన్నపిల్లలను పరీక్షించిరి. 2019లో అవే గ్రామములలో అదే వయస్సు పిల్లలకు వచ్చిన దానితో పోల్చి చూడగా, 2021 డిసెంబరునాటికి పిల్లలు చాల వెనుకబడియుండిరి. గణితమున వెనుకబాటు భాషలోని దానికి రెండింతలు మించియుండెను. సంతోషింపదగిన సంగతి యేమన, బడులు తెరచిన ఆరుమాసములలో ఆ లోటులో మూడింట రెండువంతులు పూడెను. ఆ పూడినదానిలో దాదాపు నాలుగవ వంతు 'ఇల్లం తేడి కల్వి' యను పథకము వలననని వారు తేల్చిరి.

ఈ పరిశోధనను చదివి కొందరు, భాషకు అంత నష్టము లేదు కదా యని ఊరట చెందిరి. మనము ఊరట చెందుటకు ముందు ఒక సంగతి తలపవలెను. అందు పరీక్షించిన భాష తమిళము. తమిళపు బిడ్డకు బడి మూసినను వీధి మూయలేదు. బస్సు నుదుట తమిళ మున్నది, దుకాణము పలకపై ఉన్నది, సినిమా గోడపత్రికపై ఉన్నది, అమ్మ తెచ్చిన పొట్లము కాగితముపై ఉన్నది. మన బిడ్డకు తెలుగక్షరము కనబడు చోట్లు ఏవి? బడిలోని వాచకము, గోడకు వ్రేలాడు పంచాంగపు క్యాలెండరు, అమ్మమ్మ యున్న ఇంట స్తోత్రముల పుస్తకము. ఇందు మొదటిది పోయినచో మిగిలిన రెండును అక్షరము నేర్పలేవు. తెలుగులో మన పిల్లలకు కలిగిన నష్టము ఆ పరిశోధకులు భాషకు చెప్పిన దానికంటె గణితమునకు చెప్పినదానికి దగ్గరగా నుండునని మా అభిప్రాయము. కొలిచినవారు లేరు గనుక అభిప్రాయమనియే చెప్పుచున్నాము.

అసర్ లెక్కలును ఇట్టివే. మూడవ తరగతి బిడ్డలలో రెండవ తరగతి పాఠము చదువగలవారు దేశమున 2018లో నూటికి 27.3, 2022లో 20.5, 2024లో 27.1. తెలుగు రాష్ట్రములలో పతనము ఇంకను లోతు. ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుండి 10.3కును, తెలంగాణములో 18.1 నుండి 5.2కును 2022లో దిగెను. స్వదేశమున, చుట్టును తెలుగే యున్నచోట ఇట్లైనప్పుడు పొరుగు రాష్ట్రమున మన బిడ్డల సంగతి యేమని చెప్పవలెను? మరియు ఈ సర్వే గ్రామములలో మాత్రమే జరుగును. చెన్నపట్నమునందలి బిడ్డ దాని కంటికి పడడు.

2024 అంకెను జూపి అంతయు చక్కబడెనని చెప్పువారు కలరు. ఆ అంకె 2024లో మూడవ తరగతిలో నున్నవారిది. వారు బడులు తెరచిన పిదప చేరినవారు. మూతలో చిక్కుకొన్న పిల్లలు అప్పటికే ఆ తరగతిని దాటిపోయిరి. 2022 జూనులో ఒకటినుండి మూడవ తరగతివరకు సర్కారువారు మొదలుపెట్టిన 'ఎణ్ణుం ఎళుత్తుం' పథకము మేలైనదే. కాని ఆ జూనుననే నాలుగవ తరగతికి పోయిన బిడ్డకు ఆ యేడు ఒక్క గడపలో అది తప్పిపోయెను.

'ఇల్లం తేడి కల్వి' నుండి మనము నేర్చుకొనవలసినది ఉన్నది. 2021 అక్టోబరు 27న విళుప్పురం జిల్లాలో ముఖ్యమంత్రి దానిని ప్రారంభించిరి. సుమారు రెండు లక్షలమంది స్వచ్ఛందసేవకులు, అందు స్త్రీలే అధికము, సాయంకాలము గంట, గంటన్నర తమ వీధిపిల్లలను కూడదీసి చదివించిరి. నెలకు వేయి రూపాయల గౌరవవేతనము. మిద్దెమెట్లు, గుడి మండపము, చెట్టు నీడ, ఎచ్చట వీలైన అచ్చటనే తరగతి. ఆ సేవకులలో శిక్షణ పొందిన ఉపాధ్యాయులు కొందరే. పిల్లవాని తరగతి పుస్తకమును పట్టుకొని పరుగెత్తింపక, వానికి వచ్చినచోటినుండి మొదలుపెట్టుట అందలి కిటుకు. ఏడవ తరగతివాడైనను గుణింతము రానిచో గుణింతమే నేర్పవలెను. దానికి సిగ్గుపడవలసినవాడు వాడు కాడు.

తెలుగునకు ఈ పని సర్కారువారు చేయుదురని వేచియుండుట వ్యర్థము. 2006 నాటి తమిళ అభ్యసన చట్టమును గూర్చియు, పదియవ తరగతిలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు 2023 ఫిబ్రవరి 6న సుప్రీముకోర్టు ఇచ్చిన ఒక యేటి మినహాయింపును గూర్చియు మన పత్రికలో చాల చర్చ జరిగినది. ఆ హక్కు ముఖ్యమే. కాని తెలుగులో పరీక్ష వ్రాయు హక్కు గెలిచి, తెలుగులో వ్రాయగల బిడ్డ లేనిచో ఆ గెలుపు ఎవరికి? ఇందు వకీళ్ల పని కొంత, మన పని కొంత.

మన పని ఏమన, కార్యవర్గము అంగీకరించిన ప్రకారము ప్రతి శని, ఆదివారములు సాయంకాలము ఐదుగంటలనుండి ఆరున్నరవరకు సంఘభవనపు క్రిందిగదిలో చదువు తరగతి జరుగును. పది మొదలు పదునాలుగేండ్ల పిల్లలను ముందు తీసికొందుము, నష్టము వారిదే గనుక. ఇరువదిమంది పిల్లలకు ఒకరు చొప్పున చదివించువారు కావలెను. ఇప్పటికి నలుగురు పేరిచ్చిరి, ఇంకను ఆరుగురు కావలెను. పండితులు కానక్కరలేదు, ఉద్యోగ విరమణ చేసిన అమ్మలు, అయ్యలు, కాలేజీ చదువుకొను పిల్లలు, తప్పులేక చదివి వ్రాయగలవారెవరైనను చాలును. పారిశుద్ధ్య కార్మికుల నివాసములయందు రెండుచోట్ల ఇట్టివే తరగతులు అచ్చటనే నడపవలెనని మా కోరిక. ఆ పిల్లలను ఇచ్చటికి రమ్మనుటకంటె మనము అచ్చటికి పోవుట సులభము. అందులకు సమ్మతించువారు తమ పేరు విడిగా వ్రాయించవలెను.

ఇంట పెద్దబాలశిక్ష ప్రతులు, పాత వాచకములు, పిల్లల కథల పుస్తకములు ఉన్నవారు వచ్చు శుక్రవారములోగా కార్యాలయమున ఇచ్చి రసీదు తీసికొనవలెను. పుట చిరిగినవైనను పరవాలేదు, అట్టలు వేయించు ఏర్పాటు కలదు. పలకలు మాత్రము తేవలదు, అవి సంఘమే కొనియుంచినది.